ఏడో అధికరణం

1932లో చెక్ పట్టణం ప్ల్జెన్‌కి చెందిన వ్లాదిమీర్ మాండ్ల్ అనే న్యాయవాది జర్మన్ భాషలో ఒక చిన్న పుస్తకం వేశారు. అంతరిక్షంలో ప్రయాణాలు మొదలైతే వాటికి ఏ చట్టం వర్తించాలన్నది అందులో విషయం. అప్పటికి స్పుత్నిక్‌కి ఇంకా పాతికేళ్ల వ్యవధి ఉంది. ఒక దేశపు పెత్తనం దాని నెత్తిమీద ఎంత ఎత్తుదాకా సాగుతుంది, ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని ఆయన తర్కించారు. 1941లో నడివయసులోనే పోయారు. ఒక్క రాకెట్టయినా అంతరిక్షం అంచు తాకడం ఆయన చూడలేదు.

ఇలాంటివాళ్లను తలుచుకుంటే నాకు మనసు నిండుతుంది. ఇంకా పుట్టని తగాదాకి ధర్మం ఎటుందో వెతుక్కుంటూ కూర్చోవడం మామూలు ఓపికతో అయ్యే పని కాదు. పక్కింటివాళ్లు కూడా ఏం చేస్తున్నావని అడగరు. అడిగినా చెప్పడం కష్టం. రాకెట్టు చేసేవాడికి చూపించడానికి రాకెట్టుంటుంది. దాని మీద చట్టం ఎలా ఉండాలో ఆలోచించేవాడికి చూపించడానికి కాగితాలే ఉంటాయి, అవీ ఎక్కువగా ఇతరులు రాసిన కాగితాలు.

ఐలీన్ గాల్లోవే ఆ కాగితాల మనిషి. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో రక్షణ వ్యవహారాల మీద పరిశోధకురాలు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరేసరికి వాషింగ్టన్ అంతా కంగారు పడింది. సెనేట్‌లో లిండన్ జాన్సన్ విచారణలు మొదలుపెట్టారు. ఆయనకి విషయం విడమరిచి చెప్పే పని ఈవిడ మీద పడింది. సభ్యులంతా దీన్ని క్షిపణుల పోటీగా చూస్తున్న రోజుల్లో ఆవిడ ఇందులో శాంతియుతంగా చేసుకోదగిన పనులు చాలా ఉన్నాయని, ఇతర దేశాలతో కలిసి నడిచే దారి చట్టంలోనే పెట్టాలని పట్టుబట్టారు. 1958లో నాసాను పుట్టించిన చట్టంలో ఆ మాట చేరింది. తర్వాత ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీకి వెళ్లే అమెరికా బృందాలకు సలహాదారుగా పనిచేశారు. తొంభై దాటాక కూడా ఈ విషయం మీద రాస్తూనే ఉన్నారు. 2009లో, నూట మూడో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు కన్నుమూశారు.

అప్పట్లో ఉన్న వెసులుబాటు ఏమిటంటే, ఎవరికీ ఇంకా పెద్దగా స్వార్థం పుట్టలేదు. చంద్రుడి మీద ఎవరి ఆస్తీ లేదు కాబట్టి ఎవరిదీ కాదని ఒప్పుకోవడం అమెరికాకీ, సోవియట్‌కీ తేలికైంది. 1967 జనవరి 27న మాస్కో, లండన్, వాషింగ్టన్‌లలో సంతకాలకు పెట్టిన అంతరిక్ష ఒప్పందంలో ఉన్నవి పదిహేడే అధికరణాలు. మొత్తం చదవడానికి అరగంట చాలు. అందులో ఆరో అధికరణం ఆనాటి బేరసారాలకి మంచి గుర్తు. అంతరిక్షంలో ప్రభుత్వాలు తప్ప మరెవరూ అడుగు పెట్టకూడదని సోవియట్ పట్టు. కంపెనీలకీ చోటుండాలని అమెరికా పట్టు. చివరికి, కంపెనీ వెళ్లొచ్చు గానీ దాని దేశం అనుమతి ఇవ్వాలి, ఇచ్చి ఊరుకోకుండా ఎప్పుడూ కనిపెట్టి ఉండాలి, అది చేసిన పనికి ఆ దేశమే జవాబు చెప్పాలి అని రాసుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ప్రైవేటు రాకెట్టు ఏది ఎగిరినా, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచిన హైదరాబాదు స్కైరూట్ వారి విక్రమ్-ఎస్‌తో సహా, ఈ రాజీ మాట మీదే నిలబడి ఎగురుతోంది.

మా బంధువుల అమ్మాయి ఒకతి ఈ రంగంలో పరిశోధన చేస్తోంది. వాళ్లది నాయుడుపేట. వరసకి నాకు కూతురవుతుంది. లా చదివి, ఏదో ఒక కోర్టులో కుదురుకుంటుందనుకుంటే, అంతరిక్ష చట్టం మీద పీహెచ్‌డీ అంటూ పుస్తకాల్లో పడింది. వాళ్లమ్మకి ఇప్పటికీ మింగుడుపడని ప్రశ్న ఒకటే: "రాకెట్లకి లాయరెందుకే?" మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నేనూ అదే ప్రశ్న ఇంకొంచెం మర్యాదగా అడిగాను. ఆమె సంచిలోంచి స్టేపుల్ చేసిన కాగితాలు తీసింది. 1972 నాటి బాధ్యతా ఒప్పందం. అంతరిక్షంలోకి పంపిన వస్తువు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఎవరు కట్టాలో చెప్పేది. మార్జిన్లలో పెన్సిలు రాతలు, రబ్బరుతో చెరిపి మళ్లీ రాసిన రాతలు. మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది.

"మొదట రెండో అధికరణం చదువు బాబాయ్," అంది.

నేల మీద జరిగిన నష్టానికి ప్రయోగించిన దేశం తప్పున్నా లేకపోయినా కట్టాల్సిందే అని ఉంది అందులో. గాల్లో ఎగిరే విమానానికి తగిలినా అంతే. ఇది ఎంత పెద్ద మాటో 1978లో తెలిసింది. ఆ జనవరి 24న అణు రియాక్టరుతో నడిచే సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అదుపు తప్పి కెనడా ఉత్తర భాగంలో ముక్కలై రాలింది. డెనే, ఇన్యూట్ తెగలవాళ్లు వేటాడుకుని బతికే మంచు నేల అది. లక్షా ఇరవై వేల చదరపు కిలోమీటర్లు గాలించారు. కెనడా అరవై లక్షల డాలర్లకు లెక్క పంపితే, 1981లో సోవియట్ ముప్పై లక్షలు కట్టింది. ఆ రాజీ పత్రంలో బాధ్యత ఒప్పుకున్నట్టు ఒక్క ముక్క లేదు. డబ్బు మాత్రం కట్టారు.

మూడో అధికరణం దగ్గరికొచ్చేసరికి పెన్సిలు రాతలు చిక్కబడ్డాయి. పైన, కక్ష్యలో, ఒకరి ఉపగ్రహం ఇంకొకరి ఉపగ్రహాన్ని గుద్దితే మాత్రం తప్పెవరిదో తేల్చాలి. తప్పంటే ఏమిటో ఒప్పందంలో రాయలేదు. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాకి పైన, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేస్తున్న అమెరికన్ ఇరిడియమ్ ఉపగ్రహమూ మూలనపడ్డ రష్యా కాస్మోస్ ఉపగ్రహమూ ఢీకొన్నాయి. చచ్చిన ఉపగ్రహం తప్పుకోలేదు. బతికున్నది తప్పుకోవచ్చు, తప్పుకోలేదు. తప్పెవరిది? ఎవరూ ఈ ఒప్పందం కింద దావా వెయ్యలేదు. రెండు వేల ముక్కలు మాత్రం మిగిలాయి. చట్టం మౌనంగా ఉన్నచోట ఏం అర్థం చేసుకోవాలో తెలియాలంటే 1960లలో జెనీవాలో, న్యూయార్క్‌లో ఏ దేశం ఏమందో చూడాలట. అప్పట్లో బెల్జియం, హంగరీ, అమెరికా, ఇటలీ లాంటి దేశాలతో పాటు మన దేశమూ సొంత ముసాయిదా పెట్టింది. పాత టైపురాత మినిట్లు, ఏ ప్రతినిధి ఏ పదం మీద అభ్యంతరం చెప్పాడో, ఎవరు సరేనన్నారో. నెలల తరబడి ఆమె చదివేది ఇదే. నేను రెండు పేజీలు తిరగేసి ఇచ్చేశాను. ఆమెకి మాత్రం అందులో మనుషుల గొంతులు వినిపిస్తాయట.

ఈ పనికి కావలసిన మెలకువ ఎలాంటిదో చెప్పడానికి మన శ్రీహరికోట నుంచే ఒక ఉదాహరణ ఉంది. 2018 జనవరి 12న పీఎస్ఎల్‌వీ-సీ40 మన కార్టోశాట్‌తో పాటు మరో ముప్పై ఉపగ్రహాలను తీసుకెళ్లింది. వాటిలో స్వార్మ్ అనే అమెరికన్ కంపెనీవి నాలుగు. స్పేస్‌బీలని పేరు. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, మూడు సెంటీమీటర్లు కూడా లేని మందం. అరచేతిలో పెట్టుకోవచ్చు. ఇంత చిన్నవైతే కింది నుంచి రాడార్లు సరిగా కనిపెట్టలేకపోవచ్చు, మిగతా ఉపగ్రహాలకి ప్రమాదం అని అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ అంతకు నెల ముందే అనుమతి నిరాకరించింది. అయినా అవి ఎగిరాయి. తర్వాత కమిషన్‌తో రాజీలో ఆ కంపెనీ తొమ్మిది లక్షల డాలర్లు కట్టింది. అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం అనుమతి ఇవ్వాల్సిన దేశం వద్దంది. ప్రయోగించిన దేశానికి ఆ సంగతి తెలిసే ఏర్పాటేదీ ఒప్పందంలో లేదు. రెండు దేశాల మధ్య ఒక కాగితం తిరగకపోతే, వద్దన్న వస్తువే ఆకాశంలో తిరిగింది.

ఇంకో సంగతి. బాధ్యతా ఒప్పందంలో 'ప్రయోగించిన దేశం' అంటే ప్రయోగం చేసిన దేశమే కాదు. చేయించిన దేశం, ఎవరి నేల నుంచి లేచిందో ఆ దేశం, ఎవరి కేంద్రం వాడుకున్నారో ఆ దేశం, అందరూ ఆ లెక్కలోకి వస్తారు. 2017 ఫిబ్రవరి 15 ఉదయం మన పీఎస్ఎల్‌వీ నూట నాలుగు ఉపగ్రహాలను ఒక్కసారే ఎగరేసినప్పుడు ఊరూరా సంబరపడ్డాం. పడాల్సిందే. వాటిలో నూట ఒకటి విదేశీవి. ఆ నూట ఒకటికీ ఆ ఉదయం నుంచి మన దేశం కూడా పూచీదారైంది. ఆ పూచీకి గడువంటూ ఒప్పందంలో లేదు. ఈ ముక్క ఆ రోజు ఏ చానెల్లోనూ వినలేదు. వినిపించడం పరిశోధకుల పని. వాళ్ల మాటకి చప్పట్లు పడవు.

నష్టం సంగతి ఇది. చోటు పంచుకునే సంగతికొస్తే భూస్థిర కక్ష్య కథ మరోలా ఉంటుంది. భూమధ్యరేఖకి ముప్పై ఆరు వేల కిలోమీటర్ల పైన ఉండే ఆ ఒక్క వలయంలో ఉపగ్రహం పెడితే అది మన నెత్తిమీదే నిలిచినట్టుంటుంది. టీవీ ప్రసారాలకి అదే ఆధారం. ముందొచ్చినవాడిదే చోటు అన్న పద్ధతి నడిచినన్నాళ్లూ, కాలువ తలలో ఉన్న రైతు మోటారు పెట్టి తోడుకుంటుంటే చివరి ఆయకట్టువాడు తన వంతుకి నీళ్లు మిగులుతాయా అని గట్టు మీద కూర్చుని చూసినట్టే చూశాయి పేద దేశాలు. 1976లో కొలంబియా, కెన్యా, ఇండోనేషియా లాంటి భూమధ్యరేఖ దేశాలు బొగోటాలో కూడి, మా నెత్తిమీది కక్ష్య మాదేనని ప్రకటించాయి. ఎవరూ ఒప్పుకోలేదు. చట్టం దృష్ట్యా ఒప్పుకోదగింది కూడా కాదు. కానీ ఆ గొడవ ఊరికే పోలేదని నా నమ్మకం. 1988 నాటికి అంతర్జాతీయ టెలికం సంఘం కొన్ని ఫ్రీక్వెన్సీల్లోనైనా ప్రతి దేశానికీ ఒక చోటు విడిగా అట్టిపెట్టే ప్రణాళిక చేసింది. కొలంబియా 1991 రాజ్యాంగంలో ఇప్పటికీ ఆ కక్ష్యాభాగం తన దేశంలోనిదేనని రాసుకుని ఉంది.

మా అమ్మాయి అసలు చూపించాలనుకున్నది ఆ బాధ్యతా ఒప్పందంలోని ఏడో అధికరణం. పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. ప్రయోగించిన దేశపు సొంత పౌరులకు జరిగిన నష్టానికి ఈ ఒప్పందం వర్తించదు అని ఉంది. అక్కడ మార్జిన్లో ఒకే ఒక్క మాట రాసుకుంది: పులికాట్.

నాకు విషయం అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రీన్ హెడ్ అనే చోట సముద్రపొడ్డుకి మనిషికన్నా ఎత్తైన డ్రమ్ములాంటిది కొట్టుకొచ్చింది. ఒంటినిండా గుల్లలు పట్టి ఉంది. పోలీసులు కాపలా పెట్టారు. ఆ నెలాఖరుకి అక్కడి అంతరిక్ష సంస్థ, ఇది భారతదేశపు పీఎస్ఎల్‌వీ మూడో దశ అయ్యుంటుందని తేల్చింది. మన రాకెట్టుదేనని ఇస్రో కూడా చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యుంటే, ఆ ఒడ్డున ఎవరి పడవో విరిగుంటే, ఆస్ట్రేలియా ప్రభుత్వం మన ప్రభుత్వానికి లెక్క పంపేది. తప్పెవరిదన్న వాదన లేకుండా మనం కట్టాల్సి వచ్చేది. అదే డ్రమ్ము ఇక్కడే, శ్రీహరికోట పక్కన పులికాట్ దగ్గర, ఒక జాలరి వల మీద పడితే? ఆ ఒప్పందంలో అతనికి చోటు లేదు. అది దేశాల మధ్య కాగితం. అతను మన దేశంవాడు కావడమే అతనికి అడ్డు.

ఇది ఊహ అనుకోనక్కర్లేదు. 2024 మార్చి 8న ఫ్లోరిడాలో నేపుల్స్ అనే ఊళ్లో ఒక ఇంటి పైకప్పు చీల్చుకుని ఏడువందల గ్రాముల లోహపు ముక్క లోపల పడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి పారేసిన పాత బ్యాటరీల సరంజామాలోదని నాసా చెప్పింది. ఆ కుటుంబం ఎనభై వేల డాలర్లకు పైగా అడుగుతూ నాసాకి అర్జీ పెట్టుకుంది. వాళ్ల లాయరు వాదన సూటిగా ఉంది: ఇదే ముక్క పరాయి దేశంలో పడితే అమెరికా మారుమాట్లాడకుండా కట్టాలి కదా, సొంత పౌరుడికి అంతకన్నా తక్కువ న్యాయమా?

శ్రీహరికోట మాటెత్తితే మనకి కౌంట్‌డౌన్ గుర్తొస్తుంది. నాకు ఆ దీవిలో అంతకుముందు బతికిన యానాదులు కూడా గుర్తొస్తారు. కేంద్రం కట్టడానికి వాళ్లను ఆ చోటు నుంచి కదిలించారు. దేశానికి అది కావలసిన కేంద్రమే, అందులో నాకు సందేహం లేదు. కానీ అది నిలబడ్డ నేలకీ, దాని చుట్టూ ఉన్న నీళ్లకీ ఒక ఖరీదుంది, ఆ ఖరీదు ముందుగా కట్టినవాళ్లు వాళ్లు. ఇప్పటికీ ప్రయోగం ఉందంటే ఆ చుట్టుపక్కల జాలర్లకు ఫలానా వేళ సముద్రంలోకి పోవద్దని చెబుతారు. అది వాళ్ల ప్రాణరక్షణకే. ఆ పూట వేట లేనందుకు లెక్కేమిటి, రేపెప్పుడైనా పడవ మీద ఏదైనా పడితే లెక్కేమిటి అన్నది చట్టంలో స్పష్టంగా రాసి ఉండాలి.

రాసి ఉన్న చట్టం మనకి ఇంకా లేదు. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాని కేంద్రం జనాభిప్రాయానికి పెట్టింది. లైసెన్సు తీసుకున్న కంపెనీ వల్ల ప్రభుత్వం మీద దావా పడితే ఆ నష్టాన్ని కంపెనీ ప్రభుత్వానికి భర్తీ చెయ్యాలని అందులో ఉంది. అది చట్టం కాలేదు. 2020లో ప్రైవేటు రంగానికి తలుపు తీస్తూ ఇన్-స్పేస్ అనే సంస్థ వచ్చింది, 2023లో అంతరిక్ష విధానం వచ్చింది, 2024 మేలో అనుమతుల నియమావళి వచ్చింది. అన్నీ మంచి అడుగులే. కానీ విధానం ప్రభుత్వం చెప్పిన మాట, చట్టం పార్లమెంటు కట్టిన మాట. మొదటిదాన్ని పట్టుకుని జాలరి కోర్టుకి పోలేడు. మనకి 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓలియం వాయువు కేసు తీర్పు ఉంది కదా అనడిగాను నేను, నాకు తెలిసిన ఒక్క ముక్కా వాడుకుంటూ. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు తప్పు లేదని తప్పించుకోలేడన్నారు అందులో. "ఉంది బాబాయ్, దాన్నే ఆసరా చేసుకోవాలి ప్రస్తుతానికి," అంది. "కానీ అది రాకెట్లకీ వర్తిస్తుందని నిరూపించడానికి ఆ మనిషి ఎన్ని కోర్టులెక్కాలి? వల చిరిగినవాడు న్యాయసూత్రం గెలవడానికి పదేళ్లు తిరగాలా?"

ఫ్రాన్సు 2008లో, జపాన్ 2016లో తమ చట్టాలు చేసుకున్నాయి. రాకెట్టు ప్రయోగించే సంస్థ నేల మీద జరిగిన నష్టానికి తప్పుతో నిమిత్తం లేకుండా కట్టాలని రెండింటిలోనూ ఉంది. బాధితుడు ఏ దేశంవాడన్న లెక్క అక్కడ లేదు. ఆ వాక్యాన్ని మన చట్టంలో ఎలా రాయాలన్నదే మా అమ్మాయి థీసిస్‌లో ఆఖరి అధ్యాయం.

అది ఇంకా చిత్తుగానే ఉంది. కొట్టివేతలు చాలా ఉన్నాయి. నష్టం అన్న మాటలో వల, పడవ, పోయిన పూట వేట మూడూ పేర్లతో సహా ఉండాలని రాసింది. ప్రభుత్వ ప్రయోగమైనా ప్రైవేటు ప్రయోగమైనా తేడా ఉండకూడదని రాసింది. శకలం రాకెట్టుదని నిరూపించే బరువు బాధితుడి మీద పెట్టకూడదని, ఆ పని ప్రయోగించినవాళ్లే చెయ్యాలని రాసింది. గ్రీన్ హెడ్‌లో దొరికిన డ్రమ్ము ఎవరిదో తేల్చడానికే ఒక దేశపు అంతరిక్ష సంస్థకి రెండు వారాలు పట్టిందని అక్కడ గుర్తు చేసింది. అర్జీ ఎక్కడివ్వాలన్న చోట మొదట ఢిల్లీ అని రాసి కొట్టేసి, జిల్లా కలెక్టరు అని దిద్దింది. ఎన్ని రోజుల్లో తేల్చాలో అంకె వెయ్యకుండా ఖాళీ వదిలింది. ఎంత పెట్టాలి బాబాయ్ అని నన్నడిగింది. వల లేకుండా ఒక కుటుంబం ఎన్నాళ్లు నెట్టుకురాగలదో శ్రీహరికోట దగ్గరి సూళ్లూరుపేట పోయి జాలర్లనే అడగమన్నాను. వచ్చే నెల పోతానంది.